బారీ సంతకం ఉన్న చిన్న పులి బొమ్మ దొరికింది, తెలిసినవాళ్ళు చెప్పగలరా?

వానచినుకు:
అందరికీ నమస్కారం. మేం మేరీల్యాండ్‌లో ఉంటాం, బాల్టిమోర్‌కి అరగంట దూరం. పోయిన శనివారం మా వీధి చివర ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మకానికి పెట్టారు. మొక్కల కుండీలు దొరుకుతాయేమోనని వెళ్ళాను. కిటికీ గట్టు మీద, పింగాణీ కప్పుల పక్కన ఈ పులి కనబడింది.

నడుస్తున్న పులి. ముక్కు నుంచి తోక దాకా చూస్తే మూరెడు కూడా ఉండదు. కానీ ఒంటిచేత్తో ఎత్తబోతే మణికట్టు కిందికి జారింది, అంత బరువు. కాళ్ళ కింద సన్నటి పలక, దాని మీద ఒక మూల బి-ఏ-ఆర్-వై-ఇ అని అక్షరాలు చెక్కి ఉన్నాయి. ముదురు గోధుమ రంగు, మడతల్లో కొంచెం ఆకుపచ్చ. 120 డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాను. ఫోటో పెట్టాను.

ఇంటికొచ్చాక ఒక పని జరిగిపోయింది. మా అత్తగారు దాన్ని చూసి "పాపం ఎంత నల్లబడిపోయిందే" అని చింతపండు నానబెట్టారు. నేను స్నానం చేసి వచ్చేసరికి పలక అడుగున ఒక మూల రుద్దేశారు. అగ్గిపెట్టెంత మేర పసుపు, ఎరుపు కలిసిన రంగు బయటపడింది. పైన మాత్రం ఏమీ తగల్లేదు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

ఈ బారీ ఎవరు? బొమ్మ అసలుదేనా? పాడుచేసుకున్నామా?

మూసబట్టీ:
ముందు ఆ చింతపండు గిన్నె పక్కన పెట్టించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

హైదరాబాద్‌లో లోహం పోతపోసే వర్క్‌షాప్‌లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. దేవుడి విగ్రహాలకీ ఇత్తడి బిందెలకీ చింతపండు వాడతాం, తప్పు లేదు. వాటికి మెరుపే అందం. ఈ ఫ్రెంచి కంచు బొమ్మల సంగతి వేరు. మీకు నలుపుగా కనబడేది మురికి కాదు. పోత అయ్యాక, ఉలితో సవరించాక, లోహాన్ని వేడిచేసి దాని మీద రసాయనాలు పూసి పొరలు పొరలుగా తెచ్చిన రంగు అది. బొమ్మలో సగం పని ఆ పొరలోనే ఉంటుంది. చింతపండులో పులుపు దాన్ని కరిగించేస్తుంది. పోయిందంటే మళ్ళీ అదే రంగు రాదు.

మీ అత్తగారు తెలియక చేసింది మీకు ఒకందుకు మేలే అయింది. ఆ కాలపు బొమ్మల్లో తుత్తునాగంతో పోసి పైన కంచు రంగు పూసినవి చాలా ఉన్నాయి. అలాంటిది రుద్దితే కింద బూడిదరంగు తెలుపు బయటపడుతుంది. మీకు పసుపూ ఎరుపూ కనబడింది కాబట్టి రాగి కలిసిన లోహమే, కంచే. చేతికి అంత బరువు తెలిసింది కూడా అందుకే. అడుగు భాగం కాబట్టి కంగారు పడకండి.

పారిస్_చలికాలం:
బారీ పేరు చూసి ఆగలేకపోయాను. నేను పారిస్‌లో ఉండబట్టి తొమ్మిదేళ్ళు. సెయిన్ నదిలో సాంలూయీ దీవి తూర్పు కొసన ఆయన పేరుతో చిన్న తోట ఉంది. మధ్యాహ్నం డబ్బా అక్కడ కూర్చుని తింటుంటాను.

పూర్తి పేరు ఆంత్వాన్-లూయీ బారీ. 1795లో పారిస్‌లో పుట్టాడు, 1875లో అక్కడే పోయాడు. నాన్న కంసాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఆయన బతుకంతా దీని చుట్టూనే తిరిగింది. పదమూడో పద్నాలుగో ఏట లోహం మీద చెక్కడం పనిలో చేరాడు. తర్వాత నెపోలియన్‌కి బంగారు, వెండి సామాను చేసిన బియెన్నే దగ్గర పనిచేశాడు. 1812లో సైన్యంలోకి లాక్కెళ్ళారు. యుద్ధం ముగిశాక బోసియో దగ్గర శిల్పం, గ్రో దగ్గర చిత్రలేఖనం నేర్చుకుని 1818లో ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో చేరాడు. అక్కడ అందరి కళ్ళూ ఒకే బహుమతి మీద. పేరు ప్రి ద రోమ్. అది గెలిస్తే రోమ్ పంపించేవారు, తిరిగొచ్చాక ప్రభుత్వ పనులు వెతుక్కుంటూ వచ్చేవి. బారీ 1820లో రెండో బహుమతి దాకా వచ్చి ఆగిపోయాడు. తర్వాత ఎన్నిసార్లు పోటీచేసినా మొదటిది దక్కలేదు.

ఇల్లు గడవాలి కదా. 1823 నుంచి ఫోకోనియే అనే కంసాలి దగ్గర కూలికి చేరాడు. ఎనిమిదేళ్ళు అక్కడ చేసినవన్నీ చిన్న చిన్న జంతువుల బొమ్మలు. వెండి పాత్రల మీదికి, పిడుల మీదికి. మీ పులికి మూలం అక్కడుంది.

జూడాక్టర్:
శిల్పాల గురించి నాకు పెద్దగా తెలియదు. పశువైద్యుణ్ణి, పులులతో పని. మీరు పెట్టిన ఫోటో రాత్రి పెద్దది చేసి చాలాసేపు చూశాను.

భుజం దగ్గర చూడండి. పులి తల దించి నెమ్మదిగా నడిచేటప్పుడు బరువు ఆనించిన కాలివైపు భుజపుటెముక వెన్ను గీత కన్నా పైకి లేస్తుంది. రెండోవైపుది కిందికి జారుతుంది. పులి ఒళ్ళంతా కదులుతున్నట్టు మనకు అనిపించేది ఆ ఎగుడుదిగుడు వల్లే. బొమ్మలు చేసేవాళ్ళు నూటికి తొంభైమంది రెండు భుజాలూ సమానంగా పెట్టేస్తారు. అప్పుడది పులి చర్మం కప్పుకున్న బల్లలా ఉంటుంది. మీ బొమ్మలో ఎడమ భుజం లేచి ఉంది, కుడిది దిగి ఉంది. వెనక పాదం సరిగ్గా ముందు పాదం వదిలిన చోటికి వస్తోంది. పిల్లిజాతి అంతా అలాగే నడుస్తుంది. బురదలో పులి జాడ చూసినవాళ్ళకి తెలుసు, పాదం మీద పాదం పడి ఉంటుంది.

ఇది ఊహించి చేసింది కాదు. చేసినవాడు తోలు లోపల ఏముందో చూసి ఉండాలి.

పారిస్_చలికాలం:
డాక్టర్‌గారూ, మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆయన నిజంగానే తోలు విప్పి చూశాడు.

పారిస్‌లో జార్దాన్ దె ప్లాంత్ అని పెద్ద వృక్షశాల ఉంది, అందులోనే జంతుశాల కూడా. ప్యారీసు కూలీలూ పిల్లలూ ఆదివారాలు సింహాల్ని చూడ్డానికి వెళ్ళే చోటు. బారీ, ఆయన స్నేహితుడైన చిత్రకారుడు దెలక్రువా అక్కడ బోనుల ముందు గంటలు గంటలు కూర్చుని బొమ్మలు గీసేవారు. జంతువు చచ్చిపోతే కోసి కండరాలు చూడ్డానికి అనుమతి తెచ్చుకునేవారు. 1828 అక్టోబర్‌లో దెలక్రువా బారీకి రాసిన చీటీ ఒకటి దాచి ఉంచారు. "సింహం చచ్చిపోయింది, పరుగున రా" అని దాని సారాంశం. శవం చెడిపోకముందే అందుకోవాలి కదా, ఆ తొందర. పక్కనే జంతుశాస్త్రవేత్త కువియే పెట్టిన అస్థిపంజరాల గది. ఎముకల పొడవులు కొలిచి నోటుబుక్కుల్లో రాసుకున్నాడు.

1831 సలోన్‌కి, అంటే అప్పట్లో అక్కడ ప్రభుత్వం పెట్టే పెద్ద ప్రదర్శనకి, ఘరియాల్ అనే మొసలిని తింటున్న పులిని పంపాడు. రెండో తరగతి పతకం వచ్చింది. పులి మీదపడి పళ్ళు దింపితే, మొసలి మెలితిరిగి నోరు తెరిచి ఉంటుంది. అది ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది, పోయినవారం కూడా చూశాను. రెండేళ్ళకి పామును తొక్కిపట్టిన సింహం పెట్టాడు. దానికి జనం నీరాజనం పట్టారు, లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు వచ్చింది, ప్రభుత్వం కొని త్విలరీ తోటలో నిలబెట్టింది.

జూడాక్టర్:
ఘరియాల్ అనగానే ఇంకో మాట. మన కృష్ణా గోదావరుల్లో ఉండేది మగ్గర్ మొసలి, వెడల్పు మూతి. ఘరియాల్ గంగ వైపు నదులది. చీపురుపుల్లలా సన్నగా పొడుగ్గా ఉండే మూతి, చేపలు పట్టుకోవడానికి పుట్టిన మూతి అది. లూవ్ర్ శిల్పం ఫోటో ఇప్పుడే చూశాను. ఆ మూతి తేడా తప్పు లేకుండా దింపాడు. పారిస్‌లో కూర్చుని! ఈ రోజుల్లో ఘరియాల్ కనబడాలంటే మనం చంబల్ దాకా వెళ్ళాలి, అంత తగ్గిపోయాయి.

నల్లరేగడి:
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా మనసులో మాట కూడా చెప్పనివ్వండి.

నాకు ఇవి చూస్తే బాధగా ఉంటుంది. బారీ శిల్పాల జాబితా చూశాను. లేడిని పట్టిన చిరుత, కుందేలును తింటున్న జాగ్వార్, ఏనుగు మీద భారతీయుల పులివేట. అన్నిట్లో ఒకటి చంపుతుంది, ఇంకొకటి చస్తుంది. ఆ పులివేట చేసినాయన మన దేశం గడప తొక్కలేదు. ఒక యువరాజు భోజనాల బల్ల మీద అలంకారం కోసం మన అడవినీ మన మనుషుల్నీ ఊహించి పెట్టాడు. మా తాతగారి ఊరు నల్లమల అంచున. పులి అంటే అక్కడ భయమూ ఉంది, మొక్కు కూడా ఉంది. ఈ బొమ్మల్లో ఆ రెండూ నాకు దొరకలేదు. చేతిపనిలో నేర్పు లేదనడం లేదు.

వానచినుకు:
నల్లరేగడిగారూ, మీ మాట చదివాక ఊరికే ఉండలేకపోయాను. ఆ పులివేట మాకు అరగంట దూరంలోనే ఉందని తెలిసింది. ఆదివారం అత్తగారినీ పాపనీ తీసుకుని బాల్టిమోర్ వాల్టర్స్ మ్యూజియంకి వెళ్ళాను. టికెట్ లేదు, ఉచితం.

సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు. అంటే మా పాప నడుం దాకా. ఏనుగు, దాని మీద అంబారీ, అందులో మనుషులు. ఒక పులి ఏనుగు పక్క మీదికి ఎగబాకుతోంది. నేను అద్దానికి ముక్కు ఆనించి చూసింది ఏమిటంటే, పులి గోళ్ళు దిగిన చోట ఏనుగు తోలు. ముడతలు పడి, ఒకవైపుకి లాగబడి ఉంది. బొటనవేలి గోరంత జాగా. దూరం నుంచి ఎవరికీ కనబడదు. బల్ల దగ్గర కూర్చుని భోంచేసేవాళ్ళకీ కనబడి ఉండదు. అయినా చేశాడు.

మా అత్తగారు మాత్రం మనుషుల్నే చూస్తూ ఉండిపోయారు. "ఆ పైనున్నవాడు భయపడటం లేదే, పని చేసుకుంటున్నాడు" అన్నారు. మీరన్న భయం అందులో లేదన్నది నిజమేనేమో.

ఇంతకీ ఆ యువరాజు కథేమిటి? బోర్డు మీద కొంచెమే రాశారు.

మూసబట్టీ:
ఆ కథ పారిస్‌గారు చెప్తారు. ఈలోపు మీ మొదటి ప్రశ్న, అసలుదేనా అన్నదానికి నేను చెప్పాల్సింది ఉంది.

మీరు చూసిన పులివేట మైనం పద్ధతిలో పోసింది. పోసింది ఒనోరె గోనోన్, కొడుకులు. ఈ పద్ధతి మనకి కొత్తకాదు. ఆదిలాబాద్ వైపు ఉషెగాం, కెస్లగూడల్లో ఓజాలు డోక్రా బొమ్మలు చేస్తారు, చూశారా? మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోయిన ఖాళీలోకి లోహం దూరుతుంది. అచ్చు పగలగొడితేగానీ బొమ్మ రాదు. కాబట్టి ప్రతి బొమ్మా ఒక్కటే. ఆలయాల పంచలోహ విగ్రహాలదీ ఇదే దారి, శాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం అంటారు. మధూచ్ఛిష్టం అంటే తేనె తీశాక మిగిలిన మైనం. ఫ్రాన్స్‌లో ఈ విద్య బాగా తగ్గిపోయిన రోజుల్లో గోనోన్ దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. ఖర్చు ఎక్కువ, చెడిపోతే మొత్తం పోతుంది. యువరాజు డబ్బు కాబట్టి చెల్లింది.

మీ పులి లాంటి అమ్మకపు బొమ్మలు ఇసుక అచ్చులో పోసినవి. ముందు ఒక కంచు మూలబొమ్మ చేస్తారు. దాన్ని మామూలు బొమ్మకన్నా పదునుగా చెక్కి, విడదీసి బిగించేలా ముక్కలుగా ఉంచుతారు. ఆ ముక్కల్ని మెత్తటి ఇసుకలో ఒత్తి, ఆ ముద్రలో లోహం పోసి, తర్వాత అతుకులు కలిపి, ఉలితో రోమం, మీసాల గుంటలు, కంటి రెప్ప మళ్ళీ తీరుస్తారు.

కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుదించుకుంటుంది. అసలు మూలబొమ్మ నుంచి పోసినవన్నీ ఇంచుమించు ఒకే కొలత. అమ్ముడైన బొమ్మనే తెచ్చి దాన్నుంచి ఇంకొకడు అచ్చు తీస్తే, అది ఇంకో ఒకటిన్నర వంతు చిన్నదవుతుంది. 40 సెంటీమీటర్ల బొమ్మకి 6 మిల్లీమీటర్లు. కంటికి తెలియదు, స్కేలుకి తెలుస్తుంది. మ్యూజియం కేటలాగ్‌లో ఇదే బొమ్మ కొలత తీసుకుని మీదాంతో పోల్చండి. టేపు కాదు, చెక్క స్కేలు రెండు వైపులా నిలబెట్టి కొలవండి.

పారిస్_చలికాలం:
యువరాజు కథ.

రాజు లూయీ-ఫిలిప్ పెద్దకొడుకు ఒర్లెయాన్ డ్యూక్. తన భోజనాల బల్ల మధ్యలో పెట్టడానికి ఒక పెద్ద అలంకారం కావాలన్నాడు. మొత్తం రూపకల్పన షెనవార్ అనే ఆయనది. శిల్పాలు బారీకి అప్పగించారు. తొమ్మిది గుంపులు, వాటిలో ఐదు వేటలు. మధ్యలో మీరు చూసిన ఏనుగు, పులులు. చుట్టూ సింహం, ఎద్దు, ఎలుగుబంటి, ఎల్క్ వేటలు. 1834లో మొదలుపెట్టి నాలుగేళ్ళపాటు అదే పని.

1837లో వాటిలో పూర్తయినవి సలోన్‌కి పంపితే న్యాయనిర్ణేతలు తిప్పికొట్టారు. ఇది కంసాలి పని, శిల్పం కాదన్నారు. బల్ల మీద పెట్టే చిన్న వస్తువుకి సలోన్‌లో చోటేమిటన్నది వాళ్ళ లెక్క. ఆరేళ్ళ కిందట పులికి పతకమిచ్చిందీ ఆ సలోనే. నాన్న కులవృత్తినే తిట్టుగా మార్చి మొహాన కొట్టినట్టయింది. బారీ మళ్ళీ 1850 దాకా సలోన్ గడప తొక్కలేదు.

నేను చాలాసార్లు ఆలోచించాను ఇది. అతను పెద్ద శిల్పాలు చేయలేనివాడు కాదు. సింహం చూశాం కదా. 1840లో బాస్తీయ్ (బాస్టిల్) చౌక్‌లో నిలబెట్టిన జులై స్తంభం అడుగున నడిచే సింహం కూడా ఆయనదే, మెట్రో దిగి చూడొచ్చు. కానీ తలుపు మూసుకున్నాక ఆయన తన చిన్న కంచులతోనే ఇల్లు నడపాలనుకున్నాడు. సొంతంగా పోతపోయడం, సొంతంగా అమ్మడం. మధ్యతరగతి ఇళ్ళల్లో పొయ్యి గట్టు మీద పెట్టుకునే బొమ్మలు. తాబేలు, కుందేలు, గుర్రం, మీ పులి. ధరల పట్టిక అచ్చువేసి పంచాడు.

నల్లరేగడిగారూ, మీరన్నది నేను కొట్టిపారేయను. ఆయన భారతదేశం రాలేదు. పారిస్ దాటి ఎక్కువగా వెళ్ళింది ఫోంతెన్‌బ్లో అడవికే, చెట్లూ రాళ్ళూ రంగుల్లో వేసుకోవడానికి. పులివేట మనుషులు ఊహే. పులులు మాత్రం ఊహ కాదు.

నల్లరేగడి:
మనుషులు ఊహ, పులులు నిజం. ఈ మాట ఒప్పుకుంటాను. అది నాకు ఇంకా బాధగానే ఉంది, కానీ ఒప్పుకుంటాను. వానచినుకుగారి అత్తగారు చూసింది కూడా అదే కదా.

ఒక్క సంగతి. వేటలో కాకుండా ఊరికే నడిచే పులి కూడా చేశాడంటే నాకు నచ్చింది. దాన్ని ఎవరూ తరమడం లేదు, అదీ ఎవర్నీ తరమడం లేదు. ఫోటో ఇంకొకటి పెట్టగలరా, ముందు నుంచి?

తూకంరాయి:
ఆలస్యంగా వచ్చాను. చెన్నైలో ఉంటాను, పాత లోహపు వస్తువులు కొంటుంటాను. నాకు జరిగింది చెప్తాను, పనికొస్తుంది.

మూడేళ్ళ కిందట ఆన్‌లైన్ వేలంలో బారీ ఏనుగు ఒకటి కొన్నాను. అమ్మినవాళ్ళ పేరు వద్దు. "శిల్పి జీవితకాలంలో పోసింది" అని రాశారు. మా ఆవిడకి చెప్పకుండా రెండు నెలల జీతం పెట్టాను. పెట్టె విప్పిన ఐదు నిమిషాలకే అనుమానం వచ్చింది. సంతకం అక్షరాలు సబ్బుబిళ్ళ మీద పేరు అరిగిపోయినట్టున్నాయి. అంచు లేదు. చెవి మడతలో ఉలిగీత ఒక్కటీ లేదు. అడుగున మరలు కొత్తవి, మిషన్ మీద తీసినవి. బొమ్మ నుంచి తీసిన బొమ్మ అది. డబ్బు తిరిగి రాలేదు. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు, అది న్యాయమే.

ఇంకో ముఖ్యమైన సంగతి. బారీ పోయాక, 1876లో ఆయన వస్తువులు వేలం వేశారు. మూలబొమ్మలు చాలావరకు బార్బెదియెన్ అనే పెద్ద పోతశాల యజమాని కొన్నాడు. ఆయన దగ్గర పోసినవాటి మీద బారీ సంతకంతోబాటు ఎఫ్. బార్బెదియెన్ అని, ఫోందర్ అని, అంటే పోతపోసినవాడు అని ఉంటుంది. అవి మోసం కాదు. హక్కుతో, అసలు మూలబొమ్మల నుంచి, మంచి పనివాళ్ళు చేసినవి. శిల్పి బతికుండగా చేసినవి ఒక మెట్టు, బార్బెదియెన్‌వి ఇంకో మెట్టు, ఎవరో అచ్చు తీసుకున్నవి మూడో మెట్టు. వానచినుకుగారూ, పలక అంచుల వెంట భూతద్దం పెట్టి చూడండి. ఏ పేరైనా ఉందా?

వానచినుకు:
ముందు నుంచి ఫోటో పెట్టాను, నల్లరేగడిగారూ.

నిన్న రాత్రి పాప పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, పులిని పెట్టి, అందరూ చెప్పినవి ఒక్కొక్కటే చూశాను. అత్తగారు టార్చి పట్టుకున్నారు.

కొలత: చెక్క స్కేళ్ళు నిలబెట్టి మూడుసార్లు కొలిచాను. మ్యూజియం కేటలాగ్‌లో ఉన్న పొడవు కన్నా మాది 7 మిల్లీమీటర్లు తక్కువ. మూడుసార్లూ అంతే.

పేరు: బారీ తప్ప వేరే పేరు లేదు. ఆర్ అక్షరం కాలు మధ్యలో మెత్తబడి ఉంది.

ఉలిగీతలు: మెడ దగ్గర రోమం కొంచెం కనబడుతోంది. మీసాల గుంటలు లేవు. ముందు పంజాలో వేళ్ళ మధ్య గీత సగం దాకా వచ్చి మాయమైంది.

మరలు: రెండున్నాయి, రెండూ ఒకేలా, శుభ్రంగా ఉన్నాయి.

నాకు జవాబు తెలిసిపోయినట్టే. అయినా మీ నోటి నుంచి వినాలని.

తూకంరాయి:
మూడో మెట్టేనండి. బారీ చేయి దీని మీద పడలేదు, బార్బెదియెన్ పనివాళ్ళదీ పడలేదు. 120 డాలర్లకి మంచి కంచు, మంచి రంగు. నష్టపోలేదు మీరు. నేను పెట్టినదాంతో పోలిస్తే అసలు లెక్కే కాదు.

జూడాక్టర్:
భుజాల సంగతి మాత్రం ఏ మెట్టులోనూ పోలేదు. ఎన్నిసార్లు అచ్చు తీసినా ఆ లేచిన ఎముక లేచే ఉంది.

పారిస్_చలికాలం:
వానచినుకుగారూ, మీరు ఆర్ అక్షరం గురించి రాసింది చదవగానే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. కానీ మిగతా కథ చెప్పాకే.

చిన్న కంచుల వ్యాపారం నిలబడలేదు. 1845లో ఎమీల్ మార్తాన్ అనే ఆయన్ని భాగస్వామిగా చేర్చుకుని కంపెనీ పెట్టాడు. పని నచ్చకపోతే బొమ్మని కొట్టులోంచి బయటికి పంపడానికి మనసొప్పేది కాదట. అలాంటివాడికి అప్పులు కాక ఏం మిగులుతాయి? 1848లో విప్లవం వచ్చింది. అలంకారాలు కొనేవాళ్ళు ఇళ్ళు సర్దుకుని పోయారు. బారీ దివాలా తీశాడు. తన మూలబొమ్మలూ హక్కులూ మార్తాన్ చేతిలోకి పోయాయి. తను చేసిన పులుల్ని ఇంకొకరు పోసి అమ్ముతుంటే పక్కన నిలబడి చూశాడు, 1857 దాకా. అప్పు తీరాకే అవి మళ్ళీ ఇంటికొచ్చాయి. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టంగా తోచేది ఈ తొమ్మిదేళ్ళు. సలోన్ తిరస్కారం కన్నా కూడా.

తర్వాత పేరు వచ్చింది, ఆలస్యంగా. 1854లో జార్దాన్ దె ప్లాంత్ మ్యూజియంలోనే జంతువుల బొమ్మలు గీయడం నేర్పే పంతులు ఉద్యోగం. కుర్రాడిగా బోను ముందు కూర్చున్న చోటే! పోయేదాకా అదే ఉద్యోగం. ఆ క్లాసుకి వచ్చిన కుర్రాళ్ళలో తర్వాత పెద్ద శిల్పి అయిన రోదాన్ కూడా ఉన్నాడు. లూవ్ర్ కొత్త భాగానికి యుద్ధం, శాంతి, బలం, క్రమం అనే నాలుగు రాతి గుంపులు చేశాడు. 1855 ప్రపంచ ప్రదర్శనలో కంచు పనికి గొప్ప పతకం. 1868లో, డెబ్భై మూడో ఏట, కళల అకాడమీలో సభ్యుడు. కవి గోతియే ఆయన్ని జంతుశాల మికెలాంజెలో అన్నాడు.

మీ ఊళ్ళో బారీలు అంతగా ఎందుకున్నాయో కూడా చెప్పాలి. బాల్టిమోర్ వ్యాపారి విలియం వాల్టర్స్ అమెరికా అంతర్యుద్ధం కాలంలో కుటుంబంతో పారిస్ వచ్చి ఉన్నాడు. పారిస్‌లో ఉండే ఇంకో బాల్టిమోర్ మనిషి జార్జి లూకస్ ఆయనకి కళాకారుల ఇళ్ళు చూపించేవాడు. వాల్టర్స్ బారీ కంచుల్ని పిచ్చిగా ప్రేమించాడు. వాషింగ్టన్‌లో కోర్‌కోరన్ గ్యాలరీ పెడుతున్నప్పుడు దాని తరఫున బారీకి వందకు పైగా కంచులు ఆర్డర్ ఇప్పించాడు. అప్పటికి ముసలాయన వయసు 78. సొంత దేశం కంసాలి పని అన్నదాన్ని సముద్రం అవతల ఒక గ్యాలరీ పట్టికంతా ఒకేసారి కావాలని అడిగింది. 1885లో విలియం వాల్టర్స్, ఇప్పటి మ్యూజియం ముందున్న మౌంట్ వెర్నన్ కూడలికి కూర్చున్న సింహాన్నీ, ఆ నాలుగు లూవ్ర్ గుంపుల్నీ కంచులో ఇచ్చాడు. మీరు కారు ఎక్కడ పెట్టారో తెలియదు, ఆ పక్కనుంచే నడిచి ఉంటారు.

ఇప్పుడు ఆ సంగతి. ఆఖరి రోజుల్లో బారీ జబ్బుపడి కుర్చీలో ఉన్నాడట. భార్య ఇంట్లో కంచుల మీద దుమ్ము తుడుస్తూ, "నయమయ్యాక మీ సంతకం కొంచెం స్పష్టంగా పడేట్టు చూసుకోండి" అందట. ఆయన "నిశ్చింతగా ఉండు, ఇరవై ఏళ్ళకి దాన్ని భూతద్దం పెట్టి వెతుకుతారు" అన్నాడట. ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెప్పే మాట ఇది.

వానచినుకు:
పారిస్‌గారూ, మీ పోస్టు అత్తగారికి పైకి చదివి వినిపించాను. దుమ్ము తుడిచే భార్య దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. కాసేపాగి "నేనూ అదే చేశాను కదే, తుడుద్దామనే కదా" అన్నారు.

పులిని అమ్మడం లేదు. కిటికీ గట్టు మీద పెట్టాను, ఆ పెద్దావిడ ఇంట్లో ఉన్నట్టే. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి కూడలిలో సింహం కోసం. పోయినసారి నిజంగానే దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాం, పాప ఐస్‌క్రీం అని ఏడుస్తుంటే తలెత్తి చూడలేదు.

మూసబట్టీగారూ, చింతపండు తగిలిన ఆ మూల ఏం చేయమంటారు? రోజురోజుకీ కొంచెం గులాబీ రంగులోకి వస్తోంది.

మూసబట్టీ:
పులుపు ఇంకా అందులో ఉన్నట్టుంది. ముందు మంచినీళ్ళలో, వీలైతే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన దూదితో నాలుగైదుసార్లు అద్దండి, రుద్దొద్దు. వెంటనే పొడిబట్టతో తడి తీసి ఒక పూట నీడలో ఆరనివ్వండి. ఆరాక తేనెమైనం కొంచెం గోరువెచ్చగా చేసి, పాత నూలుచీర ముక్కతో పలచగా రాయండి. కనబడీ కనబడనంత పలచగా. గంట తర్వాత పొడి గుడ్డతో మెల్లగా తుడవండి. రంగు పూయించడానికి ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళొద్దు, అడుగు భాగం కాబట్టి గాలికి దానంతటదే ముదురుతుంది, ఏడాది రెండేళ్ళు పడుతుంది.

ఆ పని అత్తగారి చేతే చేయించండి.